హాపర్‌లో పగిలిన గోళీ

పోయిన నెల మావాడి పుట్టినరోజుకి సన్నీవేల్ నుంచి రెండు కార్ల పిల్లల్ని వేసుకుని పెయింట్‌బాల్ ఆటకి వెళ్ళాం. పావుగంట గడవకముందే వాడి గన్ మొరాయించింది. గోళీకి బదులు నారింజ రంగు పిచికారీ! వాడు విసుగ్గా మాస్క్ పైకెత్తి గొట్టంలోకి తొంగి చూడబోయాడు. "ఒరేయ్, మాస్క్!" అని నేనరిచిన అరుపుకి ఆట ఆగిపోయింది.

తప్పు నాదే. గరాజ్‌లో కిందటేడాది గోళీల సంచీ ఉండగా కొత్తవి దండగని అవే పోశాను. గోళీ పెంకు జెలటిన్, మన మందు క్యాప్సూల్ లాంటిది. (శాకాహారి అయిన మా అత్తగారికి ఈ సంగతి చెప్పలేదు.) చెమ్మకి ఉబ్బుతుంది, చలికి పెళుసెక్కుతుంది, నెలల తరబడి కదలకుండా ఉంటే ఒకపక్క సొట్టపడుతుంది. 0.68 అంగుళాల గుండ్రటి గోళీ కోసం చేసిన దారిలో అలాంటిది ఇరుక్కోక ఏం చేస్తుంది?

రెండో కారణం మావాడి తొందర. మా గన్ మామూలుది. పైనున్న హాపర్ పిండిమర తొట్టె లాంటిదే, గోళీలు వాటి బరువుకి అవే దిగాలి. టపటపా ట్రిగ్గర్ నొక్కితే గోళీ సగం దిగేసరికే బోల్ట్ ముందుకొచ్చి దాన్ని కోసేస్తుంది. ఖరీదైన గన్‌లలో పరారుణ కిరణాల 'కళ్ళు' ఉంటాయి, గోళీ పూర్తిగా దిగిందాకా బోల్ట్ కదలదు. మాలాంటి వాళ్ళు మరవాడు తొట్టెను తట్టినట్టు మధ్యమధ్య హాపర్‌ని కదిలించి, ఆగి ఆగి కాల్చడమే. ఒకేసారి రెండు గోళీలు దిగకుండా ఆపే చిన్న రబ్బరు ముక్క ఒకటుంటుంది, డిటెంట్ అంటారు. అది అరిగిందేమో కూడా చూసుకోండి.

ఒక్క గోళీ పగిలిందంటే ఆ జిగురుకి వెనకవీ అంటుకుని పగులుతాయి. నేను హాపర్ పట్టుకుని కుళాయి దగ్గరికి పరిగెత్తాను. తోడొచ్చిన స్నేహితుడు ఆపాడు. తడి ఆరకుండా గోళీలు పోస్తే కొత్తవీ ఉబ్బుతాయట. ముందు గొట్టానికి తొడుగు వేసి, హాపర్ తీసి, గాలి సిలిండర్ విప్పి, లోపల మిగిలిన గాలి కూడా వదిలేశాకే గొట్టం ఊడదీశాడు. పొడిగుడ్డతో అంతా తుడిచాడు. అంతసేపూ మాస్క్ తియ్యలేదు.

కింద రాలిన గోళీల్ని ఏరబోతున్న మావాణ్ణి కూడా వారించాడు. ఇసుక రేణువు చాలు, లోపల పగలడానికి. ఆ ఏరడం ఎవరి దగ్గర నేర్చుకున్నాడో మా ఆవిడ అడగలేదు, నావైపు చూసిందంతే.

కొత్త పెట్టె కొన్నాం. పాత సంచీ ఆ రాత్రే చెత్తబుట్టలో వేశాను.