పాత స్టీరియోల మోజు – మరచిన క్యాసెట్ల మొర

"పాత ఒక రోత, కొత్త ఒక వింత" అని మన సామెత. ధ్వనియంత్రాల విషయంలో మాత్రం ఈ సామెత తలక్రిందులయింది. ఒకప్పుడు గరాజు సేలులో అయిదు డాలర్లకు కూడ అడిగేవారు లేక పడివున్న స్టీరియో రిసీవర్లను, టర్న్‌టేబుళ్ళను, చెక్కపెట్టె స్పీకర్లను నేడు వెదకి వెదకి కొంటున్నారు. మరాంట్జ్ రిసీవరు ముఖఫలకం మీది నీలికాంతి, పయొనీరు వారి వెండిరంగు బొత్తాలు, అటూ ఇటూ ఊగే మీటరు ముళ్ళు – వీటిని చూసి మురిసిపోవడమే కాక, ఆనాటి పత్రికలలో వచ్చిన వ్యాపార ప్రకటనలకు సైతం చట్రాలు కట్టించి గోడలకు తగిలిస్తున్నారు. ఈ ముచ్చట తప్పని నేననను. ఐతే ఈ మమకారంలో యంత్రానికి చెందినదెంత, ప్రకటనకు చెందినదెంత, మనకు చెందినదెంత అని విడదీసి చూడవలసిన అవసరం ఉన్నదని నా అభిప్రాయం. ఎందువలననగా, మొదటి రెండింటి మోజులో పడి మూడవదానిని చేజార్చుకునే ప్రమాదం కనిపిస్తున్నది.

ముందుగా ప్రకటనల సంగతి. 1960 దశకంలోను, 1970 దశకం తొలినాళ్ళలోను అమెరికాలో ఆంప్లిఫయర్ల శక్తిని గురించి ఎవరికి తోచిన అంకె వారు ప్రకటించుకునేవారు. నిరంతరాయంగా కొద్ది వాట్లు మాత్రమే ఇవ్వగలిగిన యంత్రాన్ని, క్షణకాలం మాత్రం అందుకోగల శిఖరశక్తి లెక్క చూపి, వందల వాట్లదిగా చెప్పుకోవడానికి అడ్డు లేకపోయింది. చివరకు 1974లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఒక నిబంధన తెచ్చి, నిరంతర శక్తి ఎంత, ఏ పౌనఃపున్యాల పరిధిలో, ఎంత వికృతితో అన్నవి కూడ తెలిపితీరాలని శాసించింది. ఆ నిబంధనను 2024లో మరికొంత బిగించారు. 1990 దశకంలో మన దేశపు బజార్లలో టూ-ఇన్-వన్ పెట్టెల మీద "పి.ఎం.పి.ఓ." అని వేల వాట్ల అంకెలతో మెరిసిన కాగితపు ముక్కలు గుర్తున్నవారికి ఇది కొత్త కథ కాదు. పైన పటారం, లోన లొటారం.

నిజమైన అంకెలు వచ్చిన తరువాత కూడ పోటీ ఆగలేదు. 1978 నాటి పయొనీరు ఎస్.ఎక్స్.-1980 రిసీవరు ఒక్కొక్క చానెలుకు 270 వాట్లు ఇవ్వగలదు. బరువు దాదాపు 35 కిలోలు. శక్తి రెట్టింపయితే శబ్దస్థాయి పెరిగేది 3 డెసిబెళ్ళే. చెవికి రెండింతలుగా వినబడాలంటే శక్తి సుమారు పదింతలు కావాలి. మామూలు గదిలో, మామూలుగా సంగీతం వినేటప్పుడు స్పీకరుకు చేరేది చాలవరకు ఒకటి రెండు వాట్లకు మించదు. అనగా ఆ మహాయంత్రంలో మనం వాడినది పిసరు, మనకు అమ్మినది పర్వతం.

ప్రకటనలన్నీ బూటకాలని దీని భావం కాదు. ఎడ్గార్ విల్చర్, హెన్రీ క్లాస్‌లు 1954లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జిలో స్థాపించిన అకూస్టిక్ రీసెర్చ్ సంస్థ ఫైన్ ఆర్ట్స్ క్వార్టెట్ అనే వాద్యబృందాన్ని వేదిక మీద కూర్చోబెట్టి, నడుమ నడుమ వారి వాయింపును ఆపి, ముందే రికార్డు చేసిన సంగీతాన్ని స్పీకర్ల ద్వారా వినిపించేది. ఏది అసలో, ఏది నకలో తేల్చుకోమని శ్రోతలకే వదిలేది. న్యూయార్కులోని గ్రాండ్ సెంట్రల్ రైలుస్టేషనులో ఆ సంస్థ నడిపిన ప్రదర్శనశాలలో ఎవరైనా వచ్చి వినవచ్చును. అక్కడ అమ్మకం మాత్రం జరగదు. వినియోగదారుని చెవి మీద ఇంతటి గౌరవం చూపిన ప్రకటన మరొకటి నాకు కనబడదు. పాత ప్రకటనలలో గోడకు తగిలించదగినది ఏదైనా ఉంటే అది ఈ పద్ధతి.

ఇక 1970, 80 దశకాలలో జనం మనసులలో నిలిచిపోయిన రెండు ప్రకటనలను గమనించండి. మొదటి దానిలో ఎల్లా ఫిట్జెరాల్డ్ గాత్రానికి గాజుపాత్ర పగులుతుంది. ఆ గాత్రాన్ని పట్టిన మెమొరెక్స్ టేపు విన్నా మళ్ళీ పగులుతుంది. రెండవ దానిలో కుర్చీలో కూర్చున్న వ్యక్తి జుట్టు, మెడపట్టీ స్పీకరు నుండి వచ్చే ధ్వనికి పెనుగాలిలోవలె ఎగిరిపోతూ ఉంటాయి. అది మాక్సెల్ వారిది. ఈ రెండు ప్రకటనలూ అమ్మజూపినది రిసీవర్లను కాదు, స్పీకర్లను కాదు. ఖాళీ టేపును! ఇంకా ఏమీ రాయని పలకను. దానిమీద ఏమి రాయాలన్నది కొన్నవారి ఇష్టం.

ధ్వని వ్యాపారంలో అన్నింటికన్న ప్రసిద్ధమైన బొమ్మ మన తాతల కాలం నుండి తెలిసినదే. హెచ్.ఎం.వి. రికార్డుల మీది కుక్క. చిత్రకారుడు ఫ్రాన్సిస్ బరాడ్ అన్నగారు మార్క్ 1887లో చనిపోగా, ఆయన పెంచుకున్న నిప్పర్ అనే కుక్క ఫ్రాన్సిస్ దగ్గరకు చేరింది. ఆ చిత్రంలో మొదట ఉన్నది స్తూపాకారపు మైనపు రికార్డుల ఫోనోగ్రాఫు. 1899లో గ్రామఫోను కంపెనీ ఆ చిత్రాన్ని కొన్నప్పుడు, వారి కోరికపై చిత్రకారుడు ఆ యంత్రం మీద రంగు పూసి, దాని స్థానంలో గ్రామఫోను వేశాడు. ఇందులో ఒక సూక్ష్మం ఉన్నది. ఫోనోగ్రాఫు మీద ఇంటివారు తమ గొంతును తామే రికార్డు చేసుకోవచ్చును; గ్రామఫోనుకు ఆ శక్తి లేదు, కంపెనీ అచ్చువేసిన ప్లేటును వినిపించడమే దాని పని. యజమాని గొంతును కుక్క గుర్తుపట్టడం అన్న భావం సరిగా అతికేది మొదటి యంత్రానికే. ఇంటి మనిషి గొంతును ఇంట్లోనే పట్టే ఆ శక్తి సామాన్య కుటుంబాలకు సులభంగా, చౌకగా తిరిగి లభించినది 1963లో ఫిలిప్స్ సంస్థ క్యాసెట్టును ప్రవేశపెట్టిన తరువాతనే.

మనవారు ఆ శక్తిని ఎలా వాడుకున్నారో ఈ సంచిక చదివే పెద్దలకు వేరుగా చెప్పనక్కరలేదు. దూరదేశపు ఫోను నిమిషానికి డాలర్లు మింగే రోజులలో ఉత్తరానికి బదులు క్యాసెట్టు వచ్చేది, ఊరినుండి వచ్చేవారి పెట్టెలో పచ్చళ్ళ సీసాల నడుమ. అందులో నాన్నగారి కుశలప్రశ్నలు, అమ్మమ్మ పాడిన మంగళహారతి, తాతగారు రాగం తీసిన పద్యం, పెళ్ళిలో సన్నాయి, వెనుకనెక్కడో ఒక కాకి అరుపు. ఆ గొంతులలో చాలా ఇప్పుడు లేవు. కంపెనీ రికార్డుల ప్రతులు లోకంలో వేలకొలది ఉంటాయి. ఈ క్యాసెట్లకు ఉన్నది ఒకే ఒక ప్రతి. అది మన అటకమీదనో, గరాజులోనో అట్టపెట్టెలో ఉన్నది.

రసాయనశాస్త్రం ఇక్కడ హెచ్చరిక చేస్తున్నది. సి-90 క్యాసెట్టులో సుమారు 130 మీటర్ల పాలియెస్టరు పట్టీ ఉంటుంది; పూతతో సహా దాని మందం 12 మైక్రాన్లు మాత్రమే. మామూలు టేపులో ధ్వనిని దాచేది గామా ఫెర్రిక్ ఆక్సైడు అనే సూది ఆకారపు సూక్ష్మకణాలు. ఒక విధంగా అది తుప్పుకు దాయాది. ఇదివరకే ఆక్సీకరణం చెందినది కనుక తొందరగా చెడదు. బలహీనమైనది ఆ కణాలను పట్టీకి అంటించిన పాలియూరితేను జిగురు. గాలిలోని తేమ దాని ఎస్టరు బంధాలను తెంచుతుంది; తెగినచోట పుట్టిన ఆమ్లం మరిన్ని బంధాలు తెగడానికి ఉత్ప్రేరకమవుతుంది. ఈ వ్యాధి 1970, 80 దశకాల పెద్ద రీలు టేపులను ఎక్కువగా పీడించినది. క్యాసెట్లు కొంత నయం. కాని వేసవిలో పొయ్యిలా కాగే అటకలు, చెమ్మగిల్లే బేస్‌మెంట్లు దేనికీ మేలు చేయవు. తేమలేని, చల్లని గదిలోని బీరువాయే వాటికి తగిన చోటు.

యంత్రాలకూ ఇదే గతి. డెక్కులోని రబ్బరు బెల్టులు సాగిపోతాయి, కొన్ని తారువలె కరిగిపోతాయి; కెపాసిటర్లు ఎండిపోతాయి; స్పీకరు అంచుల నురుగు పట్టీలు పొడిపొడిగా రాలిపోతాయి. ఉన్నత శ్రేణి క్యాసెట్టు డెక్కుల తయారీ దాదాపు ఆగిపోయింది. కనుక నేడు నడిచే మంచి పాత డెక్కు అలంకార వస్తువు కాదు. మన పెద్దల గొంతును చదవగలిగిన కొద్ది సాధనాలలో ఒకటి. మోజుపడి కొన్నవారిని నేను కోరేది ఇదే: దానిని ఆ పనికి పెట్టండి.

పద్ధతి కష్టమైనది కాదు. డెక్కుకు కొత్త బెల్టులు వేయించి, హెడ్డును, రోలరును శుభ్రం చేయాలి. ముందుగా విలువలేని టేపుతో పరీక్షించాలి. క్యాసెట్టులోని చిన్న నొక్కుడుమెత్త ఊడిపోయివుంటే మరలున్న కొత్త డొల్లలోకి టేపును మార్చవచ్చును. కీచుమని అరిచే టేపును బలవంతంగా తిప్పక నిపుణులకు అప్పగించాలి. కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ చాలు. 90 నిమిషాల క్యాసెట్టుకు సుమారు 1.5 గిగాబైట్లు పడుతుంది. వంద క్యాసెట్లయినా చిన్న డిస్కులో ఇముడుతాయి. మూడు ప్రతులు చేసి, అందులో ఒకటి వేరే ఊరిలోని బంధువుల ఇంట ఉంచడం మంచిది. లోగడ ఇంటిలో సి.డి.లకు ఎక్కించుకున్నవారు కూడ నిశ్చింతగా ఉండరాదు. వాటిలో గుర్తులు నిలిచేది సేంద్రియపు రంగుపొరలో, అది కూడ కాలక్రమాన వెలిసిపోతుంది.

అన్నింటికన్న ముఖ్యమైన పని యంత్రం చేయలేనిది. ఆ గొంతు ఎవరిది, ఆ ఊరేది, ఆ పాట ఏ పేరంటానిది – ఇది చెప్పగలవారు ఇంకా మన మధ్య ఉన్నారు. వారిని పక్కన కూర్చోబెట్టుకుని వినాలి, వ్రాసుకోవాలి. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ పని ఇస్తే, తాము ఎన్నడూ చూడని ముత్తవ్వ తెలుగు ఎలా ఉండేదో వారికి తెలుస్తుంది.

పాత యంత్రపు ధ్వనిలో ఏదో వెచ్చదనం ఉన్నదనేవారితో నాకు వాదం లేదు. అది వారి రుచి. నీలికాంతి డయలును చూసి ఆనందించండి. కాని ఆ వెలుగులో వినవలసినది ఏమున్నదో మరువకండి. రాబోయే ఉగాదిలోగా ప్రతి కుటుంబం కనీసం ఒక్క క్యాసెట్టునైనా బయటకు తీయాలని, మన సంఘం ఒక మంచి డెక్కును బాగుచేయించి సభ్యులందరికీ వంతులవారీగా అందుబాటులో ఉంచాలని నా విన్నపం.