ఇంటి సినిమా గదిలో ప్రక్క స్పీకర్లు



పండుగ బేరములలో పెద్ద టీవీతోపాటు అయిదు స్పీకర్లును, ఒక బాస్ పెట్టెయు గల హోమ్ థియేటరును కొని తెచ్చుట నేడు మా పెద్ద కొడప్‌గల్ వంటి యూళ్లలో సైతము సామాన్యమైనది. దానిని బిగించుటకు వచ్చిన మనుష్యుడు మేకు ఎక్కడ సులభముగ దిగునో, తీగ ఎంతవఱకు అందునో చూచి, అక్కడక్కడ స్పీకర్లను తగిలించి, మగవారు కూర్చుండు సోఫాలో ఒక నిమిషము కూర్చుండి, బాగున్నదని చెప్పి పోవును. అదే గదిలో గోడవార మంచముపై నుండు అత్తగారికిని, వంట ముగించుకొని వచ్చి గుమ్మము కడ చతికిలబడు కోడలికిని ఏమి వినబడుచున్నదో అడుగువారు లేరు. ఈ మాసము ఆ సంగతిని విచారింతము.

ముందుగా ఏ స్పీకరు పని ఏదియో తెలియవలయును. బుఱ్ఱకథ చూచినవారికి ఇది సులభముగ బోధపడును. నడుమ తంబుర పట్టిన కథకుడు కథ చెప్పును. ఇరుప్రక్కల నిలిచినవారు డక్కీలు వాయించుచు వంత పాడుదురు. వంత కథకుని గొంతును మ్రింగివేసినచో కథ చెడును. సినిమాలో మాటలు చాలవఱకు టీవీ క్రిందనుండు నడిమి స్పీకరునుండియే వచ్చును. పాటయు వాద్యములును దాని కుడియెడమల నున్న రెంటిలో విస్తరించును. మనకు ప్రక్కగా, కొంచెము వెనుకగా నుండు తక్కిన రెండును వానజల్లు, గాలి, సంతలోని సందడి, అడవిలోని పక్షుల కూతలు మొదలగువానిని వినిపించును. ఇవి తమ యునికిని చాటుకొనరాదు. వాన కురియుచున్నదని తోచవలెనుగాని ఎడమ మూలనున్న పెట్టె మ్రోగుచున్నదని తోచినయెడల అమరిక చెడినదనుట నిశ్చయము.

ఈ చుట్టుశబ్దము నిన్న మొన్నటిది కాదు. 1940లోనే అమెరికాలో డిస్నీవారు 'ఫాంటేసియా' చిత్రమును కొన్ని శాలలలో ప్రేక్షకుల చుట్టును స్పీకర్లుంచి ప్రదర్శించిరి. మన తెలుగు తెఱకు 1932లో 'భక్త ప్రహ్లాద'తో మాటలు వచ్చినవి. ఆరు ట్రాకుల శబ్దము 1986లో కృష్ణగారి 'సింహాసనం'తో, 70 మి.మీ. తెఱతోపాటు వచ్చినది. 2015లో 'బాహుబలి' నాటికి డాల్బీ అట్మాస్ పద్ధతిని నెత్తిమీదినుండియు ధ్వని దిగివచ్చినది. అయితే సినిమాహాలులో ప్రక్కగోడల పొడవునను స్పీకర్లు వరుసగా నుండును. ఏ కుర్చీలోనివారికిని ఒక్కటే చెవిలో మ్రోగదు. మన యింట ఉన్నవి రెండే. కావుననే వాని చోటు విషయమై ఇంత జాగ్రత్త యవసరము.

చోటు నిర్ణయించుటకు ముగ్గుపిండియు, ఒక దారమును చాలును. ఇంటివారు ఎక్కువగ కూర్చుండు వరుస నడుమ ఒక చుక్క పెట్టి, అది కేంద్రముగ దారముతో వలయము గీయుడు. దానిని గడియారపు ముఖముగ భావింపుడు. టీవీయు నడిమి స్పీకరును పండ్రెండు అంకె కడ నుండవలెను. ఎదుటి రెండును పదునొకండు, ఒకటి అంకెల కడ. ప్రక్క స్పీకర్లు కుడివైపున నాలుగింటికి కొంచెము ముందుగను, ఎడమవైపున ఎనిమిది దాటిన కొంచెమునకును ఉండవలెను. శాస్త్రజ్ఞుల లెక్కలో ఇది టీవీ దిక్కునుండి 110 మొదలు 120 డిగ్రీలు. ఏడు స్పీకర్లు గలవారు ప్రక్కవానిని ఇంచుమించు మూడు, తొమ్మిది అంకెల కడకు జరిపి, వెనుకవానిని అయిదు, ఏడు అంకెల వైపున నుంచుకొందురు.

మన గదులలో సోఫా వెనుక గోడకు ఆనుకొని యుండును గనుక ప్రక్క స్పీకర్లకు వెనుక చోటే దొరకదు. సోఫాను రెండడుగులు ముందునకు జరుపుట ఉత్తమము. అది వీలుకానిచో రెంటిని ప్రక్కగోడలకే, చెవులకు సూటిగ, కొంచెము ఎత్తున బిగింపవలెను. ఒకవైపున గోడ బదులు ద్వారమున్నచో ఆ వైపు స్పీకరును స్టాండుపైననో, పాత యిండ్లలో దూలమునకో అమర్చవచ్చును. ఒకదానిని ప్రక్కగోడకును, రెండవదానిని బీరువాపైనను పెట్టుట మాత్రము కూడదు.

ఇక ఎత్తు. కుర్చీలో కూర్చున్నవారి చెవి నేలనుండి సుమారు మూడున్నర అడుగుల పైనుండును. నేలపై కూర్చున్నవారికి రెండున్నర. స్పీకరు చెవి యెత్తుననే యుండవలెనని అట్మాస్ వచ్చిన తరువాతి సూత్రము. అందఱును ఒకే వరుస కుర్చీలలో కూర్చుండు నిండ్లకు అది సరిపోవును. మంచము, సోఫా, చాప అన్నియు నున్న మన గదులకు చెవికంటె ఒకటి రెండడుగుల పైనుంచు పాతపద్ధతియే మేలని నా అభిప్రాయము. స్పీకరు ముఖము దగ్గఱనున్నవారి వైపునకు గాక, దూరమున నున్నవారి వైపునకు తిరిగి యుండవలెను. అప్పుడు దగ్గఱివారికి పోటు తగ్గును, దూరపువారికి అందును.

మా యూరిలో ఒక యింట ఎనుబదియేండ్ల వృద్ధురాలు సినిమా వేయగనే లేచి వరండాలోనికి పోవుచుండెడిది. ఆమెకు సినిమాలు గిట్టవని యింటివారు తలంచిరి. నిజమేమనగా ఆమె మంచము సరిగా ఎడమ ప్రక్క స్పీకరు క్రింద నుండెను. సోఫాలోనివారికి చినుకులైనవి ఆమెకు పిడుగులు. ఆ స్పీకరును అడుగున్నర పైకి జరిపి, ముఖమును ఎదుటిగోడ వైపునకు త్రిప్పి, శబ్దమును రెండు మెట్లు తగ్గించిరి. ఇప్పుడామె తుదిదాక కూర్చుండుటయే గాక, కథలోని అత్తగారి నడవడిని గూర్చి అందఱకు వినబడునట్లు విమర్శ చేయుచున్నది.

చోటు కుదిరిన పిమ్మట సమము చేయుట. ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోవును. అనగా అడుగునకు రమారమి సెకనులో వెయ్యవ వంతు పట్టును. ఎదుటి స్పీకరు పదియడుగుల దూరమునను, ప్రక్కది నాలుగడుగులలోను ఉన్నచో ప్రక్కదాని ధ్వని ముందుగ చెవిని చేరును. చెవి ముందు వచ్చిన ధ్వని దిక్కునకే మొగ్గును. హెల్ముట్ హాస్ అను జర్మను పరిశోధకుడు 1949లో దీనిని వివరముగ నిరూపించెను. కనుక చుక్కనుండి ఒక్కొక్క స్పీకరు దూరమును టేపుతో కొలిచి, ఆ అడుగులను రిసీవరులో నమోదు చేయవలెను. అది దగ్గఱిదానిని ఆమేరకు ఆలస్యముగ పలికించును.

పిదప 'టెస్ట్ టోన్' అనుదానిని నొక్కుడు. ఒక్కొక్క స్పీకరు వంతువారీగ జలపాతపు హోరువంటి ధ్వని చేయును. చుక్క కడ చెవి యెత్తున ఫోనునుంచి, శబ్దమును కొలుచు యాప్‌తో చూచి, అయిదును 75 డెసిబెల్లుల కడ సమముగ నుండునట్లు దిద్దుడు. ఫోను చూపు అంకె ఖచ్చితము కాకపోయినను, ఒకదానితో నొకటి పోల్చుటకు చాలును. ఆ పిమ్మట మంచము కడను, గుమ్మము కడను ఫోనుంచి మఱల కొలువుడు. సామాన్యముగ ఎవరును చేయని పని యిదియే. అక్కడ ప్రక్క స్పీకరు నడిమిదానికంటె బాగుగ మించి యున్నచో, అక్కడివారికి మాటలు మునిగిపోవుచున్నవని యెఱుగుడు. ప్రక్కవానిని రెండు మూడు డెసిబెల్లులు తగ్గింపుడు. సోఫాలోనివారికి వానజల్లు కొంత పలుచనగును, కానిండు.

పెద్దవారు "చప్పుడు వినబడుచున్నది, మాట తెలియుటలేదు" అనుట మనమెఱుగుదుము. అది మొండితనము కాదు. వయస్సుతో ముందుగ సన్నని హెచ్చుశ్రుతి ధ్వనులు వినబడుట తగ్గును; సకార తకారముల వంటి హల్లుల స్పష్టత వానిలోనే యున్నది. మొత్తము శబ్దమును పెంచినచో హోరే పెరుగును. నడిమి స్పీకరును మాత్రము రెండు మూడు డెసిబెల్లులు హెచ్చింపవలెను. రిసీవరులో 'నైట్ మోడ్' ఉన్నయెడల దానిని వాడినచో పోరాటముల మ్రోత అణగి, మెల్లని మాట పైకి వచ్చును. నిద్రించు పసివారికిని, చదువుకొను పిల్లలకును మేలు. రాత్రి పది దాటిన తరువాత నివాసస్థలములలో 45 డెసిబెల్లులు మించరాదని 2000 సంవత్సరపు నియమములు చెప్పుచున్నవి. పొరుగువారు మనల నడుగకముందే బాస్ పెట్టెను తగ్గించుట మర్యాద. వంటింటి అలమరలో స్టీలు గిన్నెలు గలగలలాడుచున్నవన్న అది హెచ్చినట్లే.

గది సంగతి యొకటి మిగిలినది. గోలకొండలో ఫతే దర్వాజా కడ చఱచిన చప్పట్లు సుమారు కిలోమీటరు దూరమున బాలాహిస్సారుపై వినబడును. రాతి గోడలు ధ్వనిని ఎట్లు త్రిప్పికొట్టునో దానివలన తెలియును. బండలు పఱచి, సున్నము వేసిన మన వట్టిగదిలో ఒకసారి చప్పట్లు చఱచి చూడుడు. వెనువెంట గింగురుమని మాఱుమ్రోగినచో ఎంత సమము చేసినను మాట తేటపడదు. నేలపై వరంగల్లు జంపఖానా, కిటికీలకు మందపు తెఱలు, స్పీకరు కెదురుగ నున్న గోడకు పుస్తకముల బీరువా యుంచి మఱల చఱచుడు.

అన్నియు కుదిరిన పిమ్మట దూరముల అంకెలను, హెచ్చుతగ్గుల అంకెలను ఒక చీటిపై వ్రాసి బీరువా తలుపు లోపల అంటింపుడు. పిల్లలు రిమోటుతో ఆడి అంతయు చెఱిపివైచినను, బిగింపువానికై కబురంపక మీరే అయిదు నిమిషములలో సరిచేసికొనవచ్చును.