పొట్ట తగ్గించే పరికరాలు: ఎంతవరకు పనికొస్తాయి?

ఇంట్లోనే చక్రం త్రిప్పి, బెల్టు కట్టుకుని పొట్ట తగ్గించుకోవచ్చునా అని చాలామంది అడుగుతూ ఉంటారు. ఒకప్పుడు వారపత్రికల్లో బుల్‌వర్కర్ ప్రకటనలు చూసి మనియార్డరు పంపేవారు. ఇప్పుడు టీవీలో, ఫోనులో చూసి తెప్పిస్తున్నారు. వస్తువు మారింది గాని, ఆశ మారలేదు.

ముందుగా ఒక సంగతి గ్రహించండి. పొట్టలో కండరం వేరు, క్రొవ్వు వేరు. వ్యాయామం చేస్తే కండరం గట్టిపడుతుంది. కాని ఆ కండరం మీద పేరుకున్న క్రొవ్వు ఆ కండరం సొంత ఆస్తి కాదు. శరీరానికి శక్తి చాలనప్పుడు క్రొవ్వు అన్నిచోట్ల నుంచీ కరిగి రక్తంలోకి వస్తుంది. ఏ భాగాన్ని కదిలిస్తే అక్కడే కరగదు.

దీన్ని పరీక్షించి చూశారు కూడా. 1984లో ప్రచురించిన ఒక అమెరికా పరిశోధనలో 13 మంది మగవాళ్లు 27 రోజుల్లో తలా 5,004 సార్లు పడుకుని లేచే వ్యాయామం చేశారు. తర్వాత సూదితో క్రొవ్వు తీసి చూస్తే, పొట్టమీది కణాలు వీపు, పిరుదుల మీది కణాలకన్నా ఎక్కువేమీ తగ్గలేదు.

ఏ పరికరం ఏం చేస్తుంది?

చక్రం, వాలుబల్ల: పొట్ట, నడుము కండరాలకు బలమిస్తాయి. బరువు తగ్గించవు.

ఒళ్లు అదిరించే బెల్టు: శ్రమ యంత్రానిదే, మీది కాదు. దానివల్ల క్రొవ్వు కరగదు.

కరెంటు బెల్టు: కండరం కొంత బిగుస్తుందేమో గాని బరువు తగ్గదు. పొట్ట కరిగిస్తామని ప్రచారం చేసిన ఇలాంటి మూడు రకాల బెల్టుల అమ్మకందార్లపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2002లో చర్య తీసుకుంది. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు, గర్భిణులు వీటి జోలికి పోరాదు.

చెమట పట్టించే బెల్టు: పోయేది నీరు. రెండు గ్లాసుల మంచినీళ్లు త్రాగితే ఆ బరువు తిరిగి వస్తుంది. రెంటచింతల వైపు ఎండల్లో దీన్ని కట్టుకుని నడవడం వడదెబ్బను పిలవడమే.

వ్యాయామపు సైకిలు: రోజూ త్రొక్కితే నిజంగా శక్తి ఖర్చవుతుంది. బట్టలు ఆరేసుకోవడానికి వాడితే కాదు!

మన పొట్ట ఎక్కడ నుంచి వచ్చింది?

గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీకి ఈ పరికరాలతో పని లేదు. అవసరమల్లా అదే యార్డులో కూర్చుని లెక్క చూసుకునే వారికి, ఒంగోలు, నరసరావుపేట, చిలకలూరిపేటల్లో కుర్చీ దిగని ఉద్యోగులకు. ఇల్లాలి సంగతీ అంతే. రోట్లో కారం దంచి, బావిలో నీళ్లు తోడిన రోజుల్లో తిన్నంత అన్నమే, కారం మిల్లులో పట్టించుకునే ఈ రోజుల్లోనూ తింటే మిగిలింది పొట్టకే చేరుతుంది.

కారం తింటే క్రొవ్వు కరుగుతుందని మన ప్రాంతంలో కొందరంటారు. మిరపలోని క్యాప్‌సైసిన్ శక్తి ఖర్చును పెంచేది అతి స్వల్పం. ఆ మంట తగ్గడానికి కలుపుకునే నెయ్యి, మరో రెండు ముద్దల అన్నం దాన్ని ఎప్పుడో మించిపోతాయి.

15 మిల్లీలీటర్ల నూనెలో దాదాపు 120 కెలోరీలుంటాయి. అంత ఖర్చు చేయాలంటే సుమారు అరగంట నడవాలి. నలుగురున్న ఇంటికి నెలకు 3 కిలోల నూనె మించకుండా చూడండి. సాయంత్రం మిరపకాయ బజ్జీలు వారానికి ఒకసారి చాలు. అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర పెంచండి.

టేపుతో కొలవండి

చివరి ప్రక్కటెముకకు, తుంటి ఎముకకు మధ్యన, గాలి వదిలాక కొలవండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలి. మనవాళ్లకు బరువు అంతగా లేకపోయినా పొట్టలోపలి క్రొవ్వువల్ల షుగరు, గుండెజబ్బు వస్తాయి.

ఇలా చేయండి

1. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. గాలి వదులుతూ బొడ్డును లోపలికి లాగి 5 అంకెలు లెక్కపెట్టండి. పదిసార్లు.

2. అదే భంగిమలో నడుము పైకెత్తి 5 అంకెలు ఉంచండి. పదిసార్లు.

3. బోర్లా, మోచేతులు, మోకాళ్ల మీద ఒంటిని పలకలా నిలపండి. మొదట 10 సెకన్లు, క్రమంగా 30.

నెలా నెలన్నర ఇవి చేశాకే చక్రం పట్టండి. మోకాళ్ల క్రింద దుప్పటి మడత వేసుకుని గోడకు ఎదురుగా చేస్తే చక్రం దూరం జారిపోదు. రోజు మార్చి రోజు, 8 సార్లు చాలు. నడుము క్రిందికి జారినా, నొప్పి పెట్టినా ఆపండి. ఊపిరి బిగబట్టకండి, రక్తపు పోటు పెరుగుతుంది. వీటికి తోడు తెల్లవారుజామున 30 నుంచి 45 నిమిషాలు చురుకుగా నడవండి. బరువు తగ్గించేది ఈ నడక, తిండి అదుపు.

హెర్నియా, డిస్కు నొప్పి, గుండెజబ్బు, అధిక రక్తపు పోటు ఉన్నవారు, గర్భసంచి జారినవారు, ఈమధ్య ఆపరేషను అయినవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. షుగరుకు మందులు వాడేవారు తిండి ఒక్కసారిగా తగ్గించరాదు. బాలింతలకు నడికట్టు కొంత ఆసరా ఇస్తుందే గాని కండరాన్ని బలపరచదు. లేచేటప్పుడు పొట్ట మధ్యన గట్టులా పొంగుతుంటే కండరాలు విడిపోయాయన్నమాట. అలాంటివారు పడుకుని లేచే వ్యాయామాలు మాని, మొదటిదానితో ప్రారంభించాలి.

చివరగా అన్నిటికన్నా ముఖ్యమైనది. కాళ్లూ చేతులూ సన్నబడుతూ పొట్ట ఒక్కటే పెరుగుతున్నా, పాదాలు వాచినా, పొట్టలో గడ్డ తగిలినా, కాస్త తినగానే కడుపు నిండినట్లున్నా అది క్రొవ్వు కాకపోవచ్చు. లివరు జబ్బువల్ల చేరిన నీరో, అండాశయంలో కణితో కావచ్చు. బెల్టు కట్టి నెలలు గడపకండి. ఆ డబ్బుతో ముందు డాక్టరుకు చూపించుకోండి.