పార్కులో మన మాటకు చోటుందా?

తమిళనాట తెలుగు భవిష్యత్తును గురించి చర్చ వచ్చినప్పుడెల్లా మన దృష్టి బడి మీదనే నిలుస్తున్నది. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చిన నాటి నుండి సరిహద్దు గ్రామాల తల్లిదండ్రులు పడుతున్న ఆందోళన న్యాయమైనదే. అయితే నలుగురు కూడే బహిరంగ స్థలంలో భాష వినిపిస్తున్నదా లేదా అన్నది కూడ అంతే ముఖ్యమైన ప్రశ్న. దీనికి సమాధానం వెదకవలసిన చోటు సరిహద్దుకు ఎంతో దూరాన, దక్షిణాన ఉన్న శివకాశి, కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతం.

శివకాశి అనగానే మనకు దీపావళి టపాకాయలు, అగ్గిపెట్టె, గోడ మీది క్యాలెండరు గుర్తుకు వస్తాయి. తెలుగు అక్షరాలతో అచ్చయిన క్యాలెండర్లు అక్కడి ముద్రణాలయాల నుండి మన ఇళ్లకు వస్తున్నాయి. ఆ ఊళ్ల చుట్టూ ఉన్న నల్లరేగడి పల్లెల్లో కమ్మవారు, రెడ్లు, రాజకంబళ నాయకర్లు తరతరాలుగా ఇంట తెలుగు మాట్లాడుతున్నారని మాత్రం మనలో చాలమందికి తెలియదు. విజయనగర, మధుర నాయక రాజుల కాలం నుండి వలస వెళ్లి స్థిరపడిన కుటుంబాలవి. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు 42 లక్షల పైచిలుకు. నూటికి దాదాపు ఆరుగురు.

అక్షరం పోయినా మాట నిలిచింది

కోవిల్‌పట్టికి సమీపంలోని ఎట్టయపురంలో 1904లో సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' తెలుగు లిపిలో అచ్చయింది. కర్ణాటక సంగీతానికి నేటికీ ప్రమాణంగా నిలిచిన గ్రంథమది. నేడు అదే సీమలో తెలుగు మాట్లాడే ఇళ్లలో చదివేది, వ్రాసేది తమిళమే. ఇందుకు గొప్ప నిదర్శనం కి. రాజనారాయణన్. 1923లో కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో, తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన ఆయన తమిళంలో మహారచయిత అయినారు. ఆంధ్ర దేశం నుండి తమవారు తరలివచ్చిన కథను 'గోపల్ల గ్రామం' నవలలో తమిళంలోనే చెప్పినారు. దాని తరువాయి నవలకు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం లభించింది. 2021లో ఆయన మరణించగా ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగినవి. కోవిల్‌పట్టిలో స్మారక మందిరం కూడ వెలసింది. తమిళనాడు ఆయనను గౌరవించిన తీరులో లోటు లేదు. అయితే ఆయన ఇంట విన్న తెలుగు కథలను ఆ పట్టణంలో తెలుగులోనే పదిమందికి చెప్పే బహిరంగ వేదిక కావాలి కదా?

రెండు పార్కులు చెప్పే పాఠం

రాజకంబళ నాయకర్ల కళ దేవరాట్టం. వీరపాండ్య కట్టబొమ్మన పుట్టినది ఈ వర్గంలోనే. కాలికి గజ్జెలు, చేత రుమాలు ధరించి ఉరుమి వాద్యానికి అనుగుణంగా వరుసగా అడుగులు వేస్తారు. అనంతపురం సీమలోని ఉరుముల నృత్యం చూసినవారికి ఆ నాదం కొత్తగా తోచదు. ఒకప్పుడు గుడి ముంగిట, పెళ్లి పందిట మాత్రమే కనిపించిన ఇటువంటి జానపద కళలను 2007లో మొదలైన 'చెన్నై సంగమం' ఉత్సవం నగర పార్కులలోకి తెచ్చింది. 2011 తరువాత ఆగిపోయిన ఆ ఉత్సవాన్ని 2023 సంక్రాంతికి ప్రభుత్వం తిరిగి ప్రారంభించింది. పల్లె కళాకారునికి ఇది మేలే. పార్కులో కులాన్ని బట్టి చోటు ఉండదు. ఎవరైనా కూర్చుని చూడవచ్చును. కాని దేవరాట్టానికి సాధారణంగా పాట ఉండదు. వాద్యమే దానికి భాష. ఆడేవారి ఇంటి మాట తెలుగు అని ఒకరు నోరు విప్పి చెప్పకపోతే చూసేవారికి ఎన్నటికీ తెలియదు.

ఇందుకు సరిగ్గా ఎదురుగా మైలాపూరులోని నాగేశ్వరరావు పార్కు కనిపిస్తుంది. అమృతాంజనం, ఆంధ్రపత్రిక స్థాపించిన దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పేర వెలసిన పార్కు అది. అక్కడ నెలకొక ఆదివారం ఉదయం మైకు లేకుండా బాలబాలికల సంగీత కచేరీలు జరుగుతూ వచ్చినవి. కర్ణాటక సంగీతం అన్నప్పుడు త్యాగరాజ కీర్తన లేకుండ గడవదు గనుక అక్కడ తెలుగు వినిపిస్తుంది. కాని పాడే పిల్లలలోను, వినే పెద్దలలోను ఆ మాటల అర్థం తెలిసినవారు కొద్దిమందే. ఒకచోట మనుషులు తెలుగువారు, మాట లేదు. మరొకచోట మాట తెలుగు, దానిని ఇంట మాట్లాడేవారు తక్కువ. ఈ రెండింటినీ కలపడమే మన ముందున్న పని.

అడగవలసినది ఎవరిని?

1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణ పార్కులు, ఆటస్థలాల నిర్వహణతో పాటు సాంస్కృతిక అభివృద్ధిని కూడ పురపాలక సంఘాల పనుల జాబితాలో చేర్చింది. తమ భాషను, సంస్కృతిని కాపాడుకొనే హక్కును 29వ అధికరణం పౌరులకు ఇస్తున్నది. కావున కోవిల్‌పట్టి, విరుదునగర్ పురపాలక సంఘాలను, 2021లో నగరపాలక సంస్థగా మారిన శివకాశిని నెలకు ఒక గంట పార్కులో చోటు కోరడం ఎవరి దయనో యాచించడం కాదు.

దీనికి అభ్యంతరాలు రావచ్చును. పార్కు నడకకు, విశ్రాంతికి అని కొందరంటారు. అందుకే మైకు లేని పద్ధతి మేలు. భాషాకలహం రేగుతుందని మరికొందరు భయపడతారు. వారు విరుదునగర్ చరిత్రను గుర్తు చేసుకోవాలి. రాష్ట్రానికి తమిళనాడు అన్న పేరు పెట్టాలని కోరుతూ శంకరలింగనార్ 1956లో ఆ ఊరి దేశబంధు మైదానంలో నిరాహారదీక్ష సాగించి ప్రాణత్యాగం చేసినారు. అంతకు నాలుగేళ్ల ముందు మైలాపూరులో పొట్టి శ్రీరాములు తెలుగువారి రాష్ట్రం కోసం ప్రాణాలర్పించినారు. భాషాభిమానం ఎంత విలువైనదో ఈ రెండు జాతులకూ ఒకరు చెప్పవలసిన పని లేదు. తమిళ పాట, తెలుగు కథ ఒకే చెట్టు నీడన వినిపిస్తే కలహం ఎందుకు వస్తుంది?

కార్యక్రమం పెద్దది కానక్కరలేదు. ఒక నెల దేవరాట్టం ఆడి, దాని కథను తెలుగులోను తమిళంలోను చెప్పవచ్చును. మరొక నెల అవ్వలు, తాతలు వలస కథలు, సామెతలు చెప్పవచ్చును. వేరొక నెల కీర్తన పాడే పిల్లలకు తెలుగు తెలిసిన పెద్దలు అర్థం వివరించవచ్చును. బడిలో తమిళం చదివే మనుమడు, అవ్వ మాటకు నలుగురు చప్పట్లు కొట్టడం ఒక్కసారి చూస్తే, ఇంట ఆమెతో తెలుగులో బదులు చెప్పడానికి సిగ్గుపడడు.

ఇది దూరపు ఊళ్ల సంగతి అని మన సరిహద్దు కుటుంబాలు అనుకోరాదు. 1960లో గీత మారినప్పుడు తిరుత్తణి ప్రాంతం అటు చేరింది. అక్కడి బంధువుల ఇళ్లలో నేడు పిల్లలు ఏ భాషలో బదులు చెబుతున్నారో మనకు తెలుసు. మన పట్టణాలలోని పార్కులలో కూడ తెలుగు, తమిళం పక్కపక్కన వినిపించే గంట ఒకటి ఏర్పడాలి. సంఘాల పెద్దలు ఎన్నికల వేళ కోరే కోర్కెల పట్టికలో రోడ్డు, నీరు తరువాత ఈ చిన్న కోర్కెను కూడ చేర్చగలరా?