ఆమ్లజని యను పేరు

రసాయనశాస్త్రము చదువు బాలుని "ఆక్సిజన్ అనగా నేమి?" అని యడిగినచో, అది రంగు, రుచి, వాసన లేని వాయువనియు, వస్తువులు మండుటకు తోడ్పడుననియు తడువుకొనక చెప్పును. ఆ పేరెట్లు వచ్చెనని యడిగినచో మిన్నకుండును. ఇది బాలుని లోపము కాదు. బోధించు మా లోపమే యని మేము తలంచుచున్నాము.

1774 వ సంవత్సరమున ఇంగ్లండులో మతబోధకుడగు జోసెఫ్ ప్రీస్ట్లీ ఎఱ్ఱని పాదరసభస్మమును సూర్యకిరణములచే వేడిచేసి యీ వాయువును పట్టెను. స్వీడను దేశీయుడగు షీలే అంతకుముందే దీనిని కనుగొని, అగ్నివాయు వనెను. తరువాత ఫ్రాన్సు దేశమున లెవోషియే, గంధకము, భాస్వరము దీనిలో మండి ఆమ్లముల నిచ్చుట చూచి, ఆమ్లములన్నిటికిని ఇదియే మూలమని నిశ్చయించెను. కావున గ్రీకు మాటలనుండి "ఆమ్లమును పుట్టించునది" అను నర్థము వచ్చునట్లు ఆక్సిజన్ అని పేరిడెను. మన ఆమ్లజని శబ్దము దానికి సరియైన తెలుగుసేత.

కాని యా నిశ్చయము నిలువలేదు. ఉప్పునుండి తీయు ఆమ్లమున ఆక్సిజన్ లేనే లేదనియు, అందున్నవి హైడ్రోజనును మఱియొక మూలపదార్థమును మాత్రమే యనియు హంఫ్రీ డేవీ వాదించి నెగ్గెను. 1810 లో నతడు ఆ పదార్థమునకు దాని పసిమి కలిసిన పచ్చని రంగునుబట్టి క్లోరిన్ అని పేరిడెను. ఊహనుబట్టి పెట్టిన పేరు తప్పెను. కంటికి కనబడినదానినిబట్టి పెట్టిన పేరు నిలిచెను.

అట్లయిన ఆమ్లజనిని విడిచి ప్రాణవాయు వనుటయే మేలని కొందఱందురు. ఆ మాట మన పూర్వులు దేహమందలి పంచవాయువులలో నొకదానికి వాడినది. అదిగాక, ఈ వాయువు సోకినచో చచ్చు సూక్ష్మజీవులును గలవు. కావున లోపములేని పేరును వెదకుటకంటె, ఉన్న పేరు వెనుకనున్న కథను నేర్పుట మేలని మా యభిప్రాయము.

ఏలయన, లెవోషియే వంటి మహామేధావియు పొరబడెనని తెలిసికొన్న బాలుడు తన పొరబాటునకు సిగ్గుపడి చదువు మానడు. పుస్తకమున నున్నదెల్ల పరీక్షింపక నమ్మడు. పరీక్షలో మార్కులకొఱకు వల్లించిన మాట వేసవిసెలవులలో మఱపువచ్చును. పుట్టుక తెలిసిన మాట జీవితాంతము తోడుండును. తల్లిదండ్రులారా, "ఈ పేరేల వచ్చెను?" అని మీ బిడ్డ యడిగిన దినమున విసుగుకొనకుడు. విద్య ఆ ప్రశ్నతోనే మొదలగును.