పోస్టులు కాదు, గంటలు లెక్కపెట్టండి

కోటా అనగానే మన పిల్లలు ఐఐటీ కోచింగ్‌కు వెళ్లే రాజస్థాన్ నగరం గుర్తొస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోనూ ఒక కోటా ఉంది. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే రైలు మార్గంలో ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న ఆ చిన్న పట్టణంలో స్టేషన్ బోర్డు మీద మాత్రం కర్గీ రోడ్ అని ఉంటుంది. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్లిన తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డ బిలాస్‌పూర్‌కు అది పొరుగూరు. ఒకవైపు నగర పంచాయతీ, 2006లో వచ్చిన సీవీ రామన్ విశ్వవిద్యాలయం, దాని చుట్టూ అద్దె గదులు, దుకాణాలు. మరోవైపు అచానక్‌మార్ అడవి, బైగా గూడేలు. ఇలా పెరుగుతున్న ఊరికి పోలీసులు చాలినంతమంది ఉన్నారా అని అడిగితే, ఏ రాష్ట్ర ప్రభుత్వమైనా మంజూరైన పోస్టుల సంఖ్య చూపిస్తుంది. అసలు ఆ కొలతే తప్పు. అర్ధరాత్రి రెండు గంటలకు ఠాణాలో ఎందరున్నారు, వాళ్లు చివరి ఊరికి ఎంతసేపట్లో చేరగలరు అన్నదే పల్లెకు అందే రక్షణ.

లెక్క వేసి చూద్దాం. వారానికి 168 గంటలు. ఒక కానిస్టేబుల్ వారానికి 48 గంటలు పనిచేస్తే, ఒక్క డ్యూటీ పాయింట్‌ను రాత్రింబవళ్లు నిలబెట్టడానికి మూడున్నర మంది కావాలి. సెలవులు, శిక్షణ కలిపితే దాదాపు ఐదుగురు. ముప్పై మంది ఉన్న ఠాణా అనుకుందాం. సెంట్రీకి, ఫిర్యాదులు తీసుకోవడానికి, వైర్‌లెస్‌కు, ఈ మూడు పాయింట్లకే పదిహేను మంది సరి. మిగతా పదిహేను మందిని అదే ఐదుతో భాగిస్తే ఏ గంటలోనైనా బయట పనికి దొరికేది ముగ్గురు. దర్యాప్తు, శవ పంచనామా, సమన్లు, కోర్టు వాయిదాలు, గస్తీ అన్నీ ఆ ముగ్గురి మీదే. రతన్‌పూర్ మహామాయ ఆలయంలో నవరాత్రులకో, మంత్రి పర్యటనకో ఇద్దరిని బందోబస్తుకు పంపితే మిగిలేది ఒక్కరు. ఈ లోటును ఇన్నాళ్లూ పూడుస్తున్నది పోలీసుల నిద్రే. హైదరాబాద్‌లోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా 2014లో ఇచ్చిన అధ్యయనం ప్రకారం దేశంలో ఠాణా సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నారు. 70 శాతానికి పైగా సిబ్బందికి నెలలో ఒక్క వారపు సెలవూ దక్కడం లేదు. మూడు షిఫ్టులు నడవాలంటే మంజూరైన బలగం 1.68 రెట్లు కావాలని ఆ అధ్యయనం తేల్చింది.

మనుషుల కొరతకు దూరం తోడైతే కష్టం రెట్టింపవుతుంది. గ్రామీణ ఠాణా పరిధి 150 చదరపు కిలోమీటర్లు దాటకూడదని 1977లో ఏర్పాటైన జాతీయ పోలీసు కమిషన్ సిఫార్సు చేసింది. కోటా నుంచి రైలు మార్గం బెల్గహనా, టెంగన్‌మాడా, ఖోంగ్‌సరా మీదుగా అడవిలోకి ఎక్కుతుంది. ఆ దారిలో బెల్గహనాలో ఉన్నది కోటా ఠాణా కింద పనిచేసే చౌకీ. పైగా కోటా రైల్వే ఊరు. ప్లాట్‌ఫాం మీద నేరం జరిగితే రాష్ట్ర ప్రభుత్వ రైల్వే పోలీసులు చూడాలి, రైల్వే ఆస్తికి కేంద్ర బలగమైన ఆర్‌పీఎఫ్ కాపలా, గేటు దాటితే జిల్లా పోలీసులు. ఎక్కడి నేరమైనా ఏ ఠాణాలోనైనా నమోదు చేసే జీరో ఎఫ్‌ఐఆర్‌కు 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం బలమిచ్చింది. మంచిదే. కానీ అదే చట్టం సోదాలను వీడియో తీయాలంది, ఏడేళ్లూ అంతకు మించి శిక్షపడే కేసుల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి రావాలంది. పని పెరిగింది, దానికి తగ్గట్టు చేతులు పెరగాలి కదా?

పల్లెల్లో నేరాలే తక్కువ, అంతమంది పోలీసులెందుకు అని కొందరంటారు. నమోదైన కేసులు తక్కువంటే నేరాలు తక్కువని అర్థం కాదు. ఠాణాకు వెళ్లి రావడానికి ఒక రోజు కూలి పోయే చోట చిన్న దొంగతనం, ఇంట్లో కొట్టడం ఫిర్యాదుగా మారవు. 2018లో ఛత్తీస్‌గఢ్‌లో డయల్ 112 వచ్చింది కదా, ఇంకేం కావాలంటారు మరికొందరు. ఆ నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే బండి అప్పటికప్పుడు గొడవ ఆపగలదు. సాక్షిని వెతకడం, ఛార్జిషీటు రాయడం ఠాణా పనే. ఇక అన్నిటికంటే బలమైన అభ్యంతరం, ఆదివాసీ ప్రాంతాల్లో పోలీసులు పెరిగితే వేధింపులూ పెరుగుతాయన్నది. ఆ భయం ఊరికే పుట్టలేదు. అయితే పద్నాలుగు గంటలు నిలబడ్డ మనిషి చేతికి దర్యాప్తు అప్పగించి, త్వరగా తేల్చమని పైనుంచి ఒత్తిడి తెస్తే అతను ఎంచుకునేది అడ్డదారే. ఠాణాల్లో సీసీ కెమెరాలు పెట్టాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ నిఘా ఉండాల్సిందే, దానితోపాటు విశ్రాంతి దొరికిన సిబ్బంది, స్థానిక భాష తెలిసిన మహిళా కానిస్టేబుళ్లు ఉండాలి.

డబ్బు మాటకొస్తే, పోలీసు ఖర్చులో సింహభాగం జీతాలేనన్నది నిజం. కానీ మొదట అడుగుతున్నది కొత్త పోస్టులు కాదు, ఉన్నవాటి భర్తీ. ఛత్తీస్‌గఢ్‌లో 2018లో మొదలైన ఎస్‌ఐ స్థాయి నియామక ప్రక్రియకు, హైకోర్టు జోక్యం తర్వాత, 2024 అక్టోబరుకు గాని తుది ఫలితాలు రాలేదు. ఆరేళ్ల జాప్యానికి నిధుల కొరత సాకు కాజాలదు. బస్తర్ అవసరాలు ఏళ్ల తరబడి బలగాలను దక్షిణానికి లాగాయి. అది తప్పు కాదు. మావోయిస్టు హింస తగ్గుతున్న ఈ దశలో మిగిలే మనుషులు ఎక్కడికి వెళ్లాలో ఇప్పుడే నిర్ణయించాలి. లేకపోతే వాళ్లను కొత్త కార్యాలయాలే మింగేస్తాయి. 2020లో బిలాస్‌పూర్ నుంచి గౌరెల్లా-పెండ్రా-మర్వాహి జిల్లా విడిపోయింది. తెలంగాణ 33 జిల్లాలైంది, 2022లో ఆంధ్రప్రదేశ్ 26 జిల్లాలైంది. జిల్లా పుట్టిన ప్రతిచోటా ఒక ఎస్పీ కార్యాలయం, దానికి సిబ్బంది అవసరమవుతారు. పాలన దగ్గరైందని చెప్పుకునే ముందు ఠాణాలో మనుషులు పెరిగారో లేదో చూసుకోవాలి.

కాబట్టి చేయాల్సినవి మూడు. ప్రతి గ్రామీణ ఠాణాకు, రాత్రి షిఫ్టుతో సహా, ఇంతకు తగ్గకూడదన్న కనీస బలం ఖరారు చేయాలి. ఎంత పెద్ద బందోబస్తు వచ్చినా దాన్ని ముట్టుకోవాలంటే ఎస్పీ రాతపూర్వకంగా కారణం చూపాలి. బెల్గహనా లాంటి చౌకీలను ఠాణా స్థాయికి పెంచాలా వద్దా అన్నది జనాభా ఒక్కటే చూసి కాకుండా ప్రయాణ సమయం, విద్యార్థులు, రైలు ప్రయాణికుల రాకపోకలు కూడా కలిపి తేల్చాలి. మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, నిజంగా షిఫ్టులో ఉన్నవారు, ఈ మూడు అంకెలనూ ఠాణాల వారీగా నెలనెలా బయటపెట్టాలి. గస్తీ రహస్యాలు చెప్పమనడం లేదు, నెలవారీ సగటు చాలు. పోలీసు రాష్ట్ర జాబితాలోని అంశం. కోటాలోనైనా, మన మండలాల్లోనైనా ఈ అంకెల కోసం నిలదీయాల్సింది శాసనసభ్యుణ్నే.