టమాటాకు పట్టుపరుపు, బచ్చలికి పగిలిన బకెట్టు

ఉగాది పంచాంగంలో పన్నెండు రాశులకూ ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు రాస్తారు. మిద్దెతోటకు మాత్రం రాశి కేటాయించలేదు. కేటాయించి ఉంటే మొదటి ఏడాది ఫలితం చెప్పడానికి సిద్ధాంతిగారు వేళ్లు లెక్కపెట్టాల్సిన పని ఉండదు. ఆదాయం 2, వ్యయం 14, రాజపూజ్యం 1, అవమానం 7. ఆ ఒక్క రాజపూజ్యమూ మొదటి బెండకాయ ఫొటోను బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టిన రోజుది.

హైదరాబాద్‌లో ఈ పిచ్చికి ఒక మర్యాద తెచ్చినవారిలో కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి ముందుంటారు. నగర శివారు నారపల్లిలో ఆయన ఇంటి మీది తోటను చూసి, ఆయన రాతలు చదివి, ఎందరో మట్టి తట్ట నెత్తికెత్తుకుని మెట్లెక్కారు. ఆయన తోట ఏళ్ల తరబడి సాకితే తయారైంది. చూసి వచ్చినవాళ్లకు మాత్రం వచ్చే నెలకల్లా అలాంటిదే కావాలి.

అందుకని నేరుగా దుకాణానికి వెళతారు. గ్రో బ్యాగులు, కొబ్బరి పొట్టు ఇటుకలు, వర్మీకంపోస్టు, వేపపిండి, షేడ్‌నెట్. ఆపైన విత్తనాల పొట్లాలు. పొట్లంలో ఏముందో తర్వాతి సంగతి, అమ్ముడుపోయేది మీద ఉన్న బొమ్మ. ఎర్ర క్యాప్సికం, బ్రకోలీ, చెర్రీ టమాటా బుట్టలో పడతాయి. తోటకూర విత్తనాల వైపు ఎవరూ చూడరు. ఇది మనవాళ్ల ఒక్కరి జబ్బే కాదు. న్యూయార్క్ రాష్ట్రంలోని విలియం అలెగ్జాండర్ అనే పెద్దమనిషి ఇలాగే పెరటితోట పెట్టి, ఖర్చంతా లెక్కగట్టి, ఒక్కో టమాటా 64 డాలర్లు పడిందని తేల్చాడు. ఆ అంకెనే పేరుగా పెట్టి 2006లో పుస్తకం వేశాడు. మనవాళ్లు ఆ లెక్క కట్టరు. కట్టినా ఇంట్లో చెప్పరు.

టమాటా సంగతే తీసుకుందాం. 2023 జూలై చివర మదనపల్లె మార్కెట్లో కిలో 200 రూపాయల దరిదాపులకు పోయింది. ఆ ధర విన్నాక కుండీలో నాలుగు మొక్కలు వేయాలనిపించని గృహస్థు ఉండడు. నారు పోసి, నాటి, పూత చూసేసరికి సెప్టెంబరు వచ్చింది. అప్పటికి కర్నూలు జిల్లా రైతులు కూలి ఖర్చులు కూడా రాక పండిన పంటను రోడ్డు మీద పారబోస్తున్నారు. డాబా మీద ఇది నవ్వుకునే విషయం. పొలంలో అప్పు.

ఓడిపోయినవాళ్లు మళ్లీ మార్చిలో పట్టుబట్టి వేస్తారు. ఎండ 35 డిగ్రీలు దాటితే టమాటా పూత నిలవదు. ఏప్రిల్లో డాబా మీద కాలు పెట్టలేం, పువ్వెలా నిలుస్తుంది? అయినా తప్పు విత్తనానిదవుతుంది, లేదా ఎదురింటివాళ్ల కళ్లదవుతుంది. గుమ్మడికాయ కట్టినవాళ్లూ ఉన్నారు.

బీరపాదుది ఇంకో రకం నాటకం. మొదట వరసగా మగపూలే పూస్తాయి. ఆడపూవు కింద వేలెడు పిందె ఉంటుందని తెలియక, పూసి రాలిపోతున్నాయని బెంగపెట్టుకుంటారు. తెలిశాక ఇంకా కష్టం. బీరపూలు విచ్చుకునేది సాయంత్రం. తేనెటీగలు ఇళ్లకు పోయే వేళ. దాంతో ఆఫీసు నుంచి వచ్చిన ఇంటాయన చొక్కా అయినా మార్చకుండా కుంచె పట్టుకుని పెళ్లిళ్ల పేరయ్య అవతారం ఎత్తుతాడు. ముహూర్తం కుదిరి కాయ దిగితే కోతి వచ్చి ఒక్క కొరుకు కొరికి, నచ్చక కింద పడేస్తుంది.

జీవామృతం అధ్యాయం కింది వాటా వాళ్లను అడిగితే బాగా చెబుతారు. పది కిలోల పేడ, గోమూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పుల పిండి, గుప్పెడు మట్టి, 200 లీటర్ల నీళ్లు. వీడియోలో చెప్పింది చెప్పినట్టు డ్రమ్ములో కలిపేస్తారు. అది ఎకరానికి సరిపడే మోతాదు. ఎకరమంటే 4,840 గజాలు. తోట ఉన్నది నూరు గజాల డాబా మీద.

చిక్కుడు చేసే అన్యాయం మాత్రం ఏ మొక్కా చేయదు. జూన్‌లో మృగశిర కార్తెకు విత్తనం పెడితే పందిరంతా అల్లుకుంటుంది. పువ్వు ఒక్కటీ రాదు. ఎరువు పెంచుతారు, చివుర్లు తుంచుతారు, పుల్ల మజ్జిగ చల్లుతారు. నిజానికి పాత రకాల తీగ చిక్కుడు పగటి పొద్దు తగ్గితే గాని పూతకు రాదు. దానికి కావలసింది పొడవైన రాత్రి, మజ్జిగ కాదు. దసరా దాటాక తనంతట తానే పూసి, సంక్రాంతికి కాస్తుంది. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టే ఆచారం పెట్టిన పెద్దలకు దాని కాలం తెలుసు. న్యూజెర్సీ పెరళ్లలో మనవాళ్లకు ఈ పాటి ఊరటా లేదు. అక్కడ పూత మొదలయ్యేసరికి మంచు పడి పాదు మాడిపోతుంది.

నవ్వు పక్కన పెట్టి ఒక మాట. రెండడుగుల పొడవు, వెడల్పు, అడుగు లోతున్న బ్యాగు నిండా తడిమట్టి నింపితే 150 కిలోలు దాటుతుంది. అలాంటివి పక్కపక్కన పేర్చితే చదరపు మీటరుకు సుమారు 400 కిలోలు. మనుషులు తిరిగే డాబాకు భారతీయ ప్రమాణాలు లెక్కలోకి తీసుకునే అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోలే. మట్టిలో కొబ్బరి పొట్టు ఎక్కువ కలపాలి, బ్యాగులు దూలాల మీదుగా పెట్టాలి, పాత ఇల్లయితే ఇంజనీరును అడగాలి.

ఇంత జరుగుతుండగా ఒక మూల, పగిలిన ప్లాస్టిక్ బకెట్టులో ఎప్పుడో గుచ్చిన బచ్చలి కాడ పిట్టగోడ ఎక్కి, బట్టల తీగ పట్టుకుని, ట్యాంకు చుట్టేసి ఉంటుంది. దానికి పట్టుపరుపు లేదు, కుంచె లేదు, దిష్టి గుమ్మడికాయ లేదు. ఏడాది పొడవునా ఆ ఇంట్లో పప్పులో పడింది అదే. నెల తిరక్కుండా కోతకొచ్చే తోటకూర, గిల్లిన కొద్దీ చిగిర్చే గోంగూర, పోపులడబ్బాలోంచి తీసి చల్లిన మెంతులు కూడా ఆ కోవలోవే. వాటికి ఎవరూ ఫొటో తీయరు. ఇంటి తోట కూడు పెట్టలేదని వాపోయేవాళ్లలో చాలామంది పెట్టిన దాన్ని లెక్కలో రాసుకోలేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు రాయితీ మీద కిట్లు పంచడం కంటే, ఏ ఊళ్లో ఏ నెలలో ఏ విత్తనం వేయాలో ఒక్క కాగితం మీద అచ్చేసి ఇస్తే ఉద్యానశాఖకు ఖర్చు తగ్గుతుంది, జనానికి కూర పెరుగుతుంది. ఆ కాగితం వచ్చేదాకా ఈ మృగశిరకు బచ్చలి, తోటకూర, గోంగూర, బెండ వేయండి. టమాటా నారు ఆగస్టు చివర్లో పోయండి. క్యాప్సికం మీద అంత మోజుంటే, కిలో కొనుక్కోండి.